ఏడో నంబరు బూట్లు

"అంటే నా కొలత తప్పంటావు. అంతేగా?"

సదాశివరావు కంచంలోంచి చెయ్యి తీసేశాడు. కలిపిన పప్పన్నం కలిపినట్టే ఉంది. ఆవకాయ ముక్క కంచం అంచున అలాగే కూర్చుంది.

"నేనెక్కడన్నాను నాన్నా? టీము కోచ్ దశరథ్ సర్ అన్నది చెప్పాను," అంది వైశాలి.

"ఆయన అన్నాడు, నువ్వు విన్నావు, మోసుకొచ్చి నా కంచం ముందు పెట్టావు. అది నువ్వన్నట్టు కాదేం?"

"పోనీ అన్నాననుకో! నిన్న మూడుసార్లు దూకితే మూడుసార్లూ ఎర్రజెండాయే. స్కూలు పిల్లలక్కూడా అలా జరగదు. అక్కడ అందరూ నన్నెలా చూశారో తెలుసా నీకు?"

"తెలుసు. నేనూ అక్కడే ఉన్నాను."

"ఉన్నావు. ఉండి, 'మార్క్ కదపకు' అని అరిచావు."

మజ్జిగ గిన్నె పట్టుకుని వస్తున్న వైశాలి తల్లి సుభద్ర వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. శుక్రవారం పొద్దున స్టేడియం నుంచి తిరిగొచ్చింది మొదలు ఈ శనివారం మధ్యాహ్నం దాకా ఆ ఇంట్లో ఎవరూ పైకి అనకుండా మింగుతున్న మాట అది. ఇవాళ అన్నం దగ్గర బయటపడింది.

"అరిచాను. ఎందుకు అరవను?" సదాశివరావుది పెరేడ్ గ్రౌండు గొంతైపోయింది. "ఏడేళ్ళనించి నూట ఇరవై ఎనిమిది అడుగులు. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. స్టేట్ రికార్డు ఆ కొలతతోనే కొట్టావు. కొలంబోలో కంచు పతకం ఆ కొలతతోనే తెచ్చావు. నిన్నటికి నిన్న అది చెడిపోయిందా? గాభరాపడి అంగలు సాగదీశావు, గీత దాటావు. అదీ సంగతి."

"బ్యాంకాక్‌లో స్టేడియం నిండా జనం ఉంటే పడని గాభరా, నిన్న ఆ నలుగురమ్మాయిల ముందు పడ్డానా?"

"మరైతే ఏవిటి?"

వైశాలి ఎడమ మోకాలి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. ఇరవై మూడేళ్ళ పిల్ల, తాడిలా ఎదిగిన పిల్ల, ఒక్కసారి ముడుచుకుపోయినట్టు కనబడింది తల్లికి.

"నా కాలు అయిపోయింది నాన్నా. ప్రాక్టీస్‌లో కరెక్ట్‌గా పడుతోంది, పోటీలో పడట్లేదు. పోటీ వేగంలో అది నా మాట వినట్లేదన్నమాట. రేపు కూడా ఇంతే అయితే సోమవారం నుంచి రైల్వే ఆఫీసుకెళ్ళి నా సీట్లో నేను కూర్చుంటాను. నా స్పైక్ బూట్లు ఎవరికన్నా ఇచ్చేస్తా."

"వైశాలీ! ఏం మాటలే అవి?" అంది సుభద్ర.

"రేపు నాన్న రన్‌వే దగ్గర కనిపిస్తే నా పేరే పిలవరట అమ్మా. ఈ రోజుల్లో బూట్లతో కొలవడమేంటని అందరి ముందూ నవ్వారు దశరథ్ సర్. నేనేం చెప్పను?"

సదాశివరావు లేచి చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు.

"రన్‌వే దాకా ఎందుకు, ఆ స్టేడియం గేటు ఛాయలక్కూడా రాను. ఆయన చేతే కొలిపించుకో."

వెనక వరండాలోకి వెళ్ళి, పెరటి వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. అలకంటే ఏమిటో చూడాలనుకునేవాళ్ళు రిటైరైన ఫౌజీ ఇంటికి రావాలి. అరుపుల్లేవు, అలజడి లేదు. కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు, అంతే. ఆ వీపు చూస్తేనే అవతలివాళ్ళకి అన్నం సహించదు.

వైశాలి కిట్ బ్యాగు భుజానికి తగిలించుకుంది. "రాత్రికి స్టేడియం హాస్టల్లో అమ్మాయిల దగ్గర పడుకుంటాను. పొద్దున్నే అక్కణ్ణించే వెళ్ళిపోతా."

"రెండు ముద్దలు తిని వెళ్ళమ్మా."

"ఆకలి లేదమ్మా. సచ్చీ, లేదు."

గేటు చప్పుడైంది. మజ్జిగ గిన్నె ఇంకా సుభద్ర చేతిలోనే ఉంది.

ట్రిపుల్ జంప్ అంటే ఏమిటో మొదట్లో సుభద్రకి తెలీదు. కంటోన్మెంటు స్కూల్లో పదహారేళ్ళ కూతురు పరుగెత్తుకొచ్చి గెంతుతుంటే, ఆడపిల్ల కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటుందేమోనని హడలిపోయింది. ఇప్పుడో, ఎవరడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పగలదు. రన్‌వే మీద పరుగెత్తుకొచ్చి తెల్లచెక్క మీద కాలు వెయ్యాలి. అక్కణ్ణించి ఒంటికాలి మీద ఒక గంతు, ఆ తర్వాత ఒక అంగ, చివర్న ఇసుకలోకి ఒక దూకు. చెక్క దాటి కాలు గోరంత పడ్డా ఎర్రజెండా ఎత్తుతారు. ఎంత దూరం దూకినా ఇక లెక్కలోకి రాదు.

అందుకని పరుగు ఎక్కడ మొదలెట్టాలో ముందే కొలిచి గుర్తు పెట్టుకుంటారు. దాన్నే మార్క్ అంటారు. ఒకప్పుడు రెజిమెంటు తరఫున తనూ దూకిన సదాశివరావుది ఆ కొలతలో సొంత పద్ధతి. తెల్లచెక్క దగ్గర మొదలెట్టి, బూటు మడమకి బూటు కొస ఆనించుకుంటూ నూట ఇరవై ఎనిమిది అడుగులు వెనక్కి నడుస్తాడు. ఆగిన చోట మార్క్. "టేపు సాగుతుంది, ఎండకి వంకర్లు పోతుంది. ఫౌజీ బూటు సాగదు," అనేవాడు. కూతురు విదేశాలకి వెళ్తే ఆ బూట్లే ఆమె సంచిలో ప్రయాణం చేసేవి. తన కాళ్ళకి పడవల్లా ఉన్నా అవే తొడుక్కుని కొలుచుకునేది వైశాలి. తోటి అమ్మాయిలు నవ్వేవారట. పతకం మెళ్ళో పడ్డాక నవ్వడం మానేశారట.

నిన్న ఆ కొలతే ఎదురుతిరిగింది. మొదటిసారి గీత దాటగానే వైశాలి మార్క్ వెనక్కి జరపబోయింది. తాడు అవతలి నుంచి తండ్రి అరిచాడు. పిల్ల ఆగిపోయింది. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. రైలు ఆలస్యమై ఇద్దరమ్మాయిలు శుక్రవారానికి అందుకోలేకపోయారు గనక సరిపోయింది. ఆ ఇద్దరి పుణ్యమా అని ఆదివారం మళ్ళీ పోటీ పెట్టారు. పదమూడున్నర మీటర్లు దూకితే ఆసియా పోటీల టీములో చోటు. దూకకపోతే ఇంటికే.

సుభద్ర కళ్ళొత్తుకుని ట్రంకు పెట్టెల దగ్గరికొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే జరిగే ఇల్లు కాదది. మొగుడు సుబేదారుగా రిటైరై మూడు వారాలైంది. ఇంకో పదకొండు రోజుల్లో క్వార్టర్ ఖాళీ చేసి మయూర్ విహార్ ఫ్లాటుకి మారాలి. అక్కడ మెట్రో కోసం లేపుతున్న స్తంభాల దుమ్ము తప్ప ఇంకేం చూసి వచ్చిందో ఆమెకే గుర్తు లేదు.

అన్నిటికన్నా ముందు రెండు నీలం బ్లేజర్లు తీసి మడిచింది. జేబు మీద మూడు రంగులు, కింద ఇండియా అన్న అక్షరాలు. ఇంత దేశంలో ఇంతమంది ఆడపిల్లలుంటే, ఇది తొడుక్కుని విమానమెక్కే వాళ్ళెంతమంది? అందులో ఒకత్తి తన కడుపున పుట్టింది. ఊడిపోతున్న బొత్తాన్ని తనే మళ్ళీ కుట్టింది. ఎన్ని వందల జాకెట్లు కుట్టిందో గానీ, ఆ బొత్తాం మాత్రం రెండుసార్లు విప్పి కుట్టింది. మూడో బ్లేజరు ఇక రాదా?

గోడవారన అట్టపెట్టె ఒకటి కనబడింది. మొగుడికి రిటైర్మెంటు కానుకగా సదర్ బజార్లో తను కొన్న కొత్త బూట్ల పెట్టె. పారేద్దామని మూత తీసింది. అడుగున మడత పెట్టిన ఖాకీ కాగితం ఉంది.

అది ఆమె గీసిందే. పాత బూట్ల మీద నంబరు ఎప్పుడో అరిగిపోయింది. అందుకని ఒక బూటు కాగితం మీద పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో గీసి పట్టుకెళ్ళింది. దుకాణదారు కాగితం చూసి "సాత్ నంబర్, బహెన్‌జీ" అన్నాడు. ఏడో నంబరు తెచ్చింది. కాలికి చక్కగా పట్టాయి కూడా. మర్నాడే, మొగుడు పెన్షన్ కాగితాల కోసం ఆఫీసుకెళ్ళిన సమయం చూసి, అడుగు ఊడిన ఆ పాత బూట్లని పాతబట్టల మూటలో పెట్టి స్టీలు సామాన్లమ్మే ఆవిడకి ఇచ్చేసింది. బదులుగా మూత బాగా బిగిసే డబ్బా ఒకటి వచ్చింది. సదాశివరావు పాతవి కనబడక ఒకరోజు సణిగి, కొత్తవి తొడుక్కున్నాడు.

సుభద్ర కాగితం నేల మీద పరిచింది. ఎందుకు పరిచిందో ఆమెకే తెలీదు. కుట్టుపనివాళ్ళ చేతికి గీసిన కాగితం దొరికితే పరిచి చూడకుండా ఉండలేరు. గుమ్మం దగ్గరున్న కొత్త బూటు తెచ్చి, మడమని గీతకి సరిగ్గా ఆనించి పెట్టింది.

ముందు వైపు పెన్సిల్ గీత కనిపిస్తోంది.

బూటు ఎత్తి మళ్ళీ పెట్టింది. మళ్ళీ గీత బయటే ఉంది. బూటు కొసకీ గీతకీ మధ్య నువ్వుగింజంత సందు.

"అయ్యో... అయ్యో నా తల్లీ!" అంది పైకే.

నువ్వుగింజంతేలే అని ఇంకెవరైనా కాగితం మడిచేసి ఉండేవారు. సుభద్రకి కుచ్చిళ్ళ లెక్క తెలుసు. ఒక్కో కుచ్చుకి కాసింత తేడా వస్తే లంగా నడుముకి ఎంత తేడా వస్తుందో, గుడ్డ పాడుచేసుకుని మరీ నేర్చుకున్న మనిషి. నూట ఇరవై ఎనిమిది నువ్వుగింజలు! ఆది జాకెట్టు ఇవ్వనిదే ఎంత పెద్ద ఆఫీసరు భార్యకైనా కత్తెర పట్టనని చెప్పే సుభద్ర, మొగుడి ఆది బూట్లని డబ్బాకి మార్చేసింది.

మరి ప్రాక్టీసులో కాలు సరిగ్గానే పడుతోంది కదా? పడదూ మరి! రెజిమెంటు గ్రౌండులో మార్క్ ఏడేళ్ళ కిందటే తెల్లరంగుతో వేసేశాడు. అక్కడ మళ్ళీ కొలిచే పనే లేదు. బూట్లతో కొలిచేది బయటి గ్రౌండ్లలోనే. కొత్త బూట్లు వచ్చాక బయట కొలిచింది నిన్న ఒక్కసారే.

అంటే పిల్ల కాలికి ఏమీ కాలేదు!

ఆ సంతోషం ఒక్క క్షణమే. వెనక వరండాలో నిటారుగా కూర్చున్న వీపు కనబడింది. ఈ సంగతి చెప్తే ఆ మనిషి ఏమైపోతాడు? చెప్పకపోతేనో? రేపు పిల్ల ఎలాగూ టేపుతో కొలుచుకుంటుంది, గుట్టుగా గడిచిపోతుంది. కానీ కాలు అయిపోయిందన్న భయంతో పరుగెత్తే పిల్ల పదమూడున్నర దూకగలదా? డబ్బా సంగతి బయటపడి తనూ తిట్లు తినాలి. తింటే తింది.

కాగితం, బూటు పట్టుకుని వరండాలోకి వెళ్ళింది.

"ఏవండీ, ఇది చూడండి."

"నాకేం చూపించకు."

"చూడమంటున్నానా! మీ పాత బూటు కాగితం ఇది. ఇదిగో మీ కొత్త బూటు."

ఆయన ముందు విసుగ్గా చూశాడు. తర్వాత వంగి చూశాడు. తర్వాత కుర్చీ దిగి నేల మీద గొంతుక్కూర్చుని, తనే బూటు తీసి గీతకి ఆనించి పెట్టాడు. మూడుసార్లు పెట్టాడు.

సుభద్ర తిట్ల కోసం ఎదురుచూసింది. ఒక్కటీ రాలేదు. అరిచినా బావుండేదనిపించింది ఆమెకి.

"తప్పు నాదేనండీ. నేనే ఆ బూట్లు..."

"ఇంచి టేపు పట్టుకురా."

కంటోన్మెంటు గ్రౌండులో ఇంకా ఎండ ఉంది. ఫుట్‌బాల్ ఆడుతున్న జవాన్లు ఆట ఆపేసి చూస్తున్నారు. చూడరా మరి, సుబేదార్ సాబ్ మోకాళ్ళ మీద కూర్చుని మీటరున్నర పొడవున్న పసుపురంగు దర్జీ టేపు ఒక కొస పట్టుకుంటే, కొంగు నడుముకి దోపుకున్న మేమ్‌సాబ్ రెండో కొస లాగి సుద్దతో గీత పెడుతోంది!

"బిగించి పట్టండి. అలా వదిలేస్తారేం?"

"బిగించే పట్టాను."

"ఇది పదహారు. జరగండి. ఊఁ, పదిహేడు."

తెల్లచెక్క నుంచి రంగు మార్క్ దాకా ఇరవై నాలుగు టేపులు, ఆపైన ఇరవై నాలుగంగుళాలు వచ్చింది. సుభద్ర అదే కాగితం మీద ముప్ఫై ఆరు మీటర్ల అరవై ఒకటి అని రాసుకుంది. తర్వాత సదాశివరావు కొత్త బూట్లు తొడుక్కుని, చెక్క దగ్గర్నుంచి మడమకి కొస ఆనిస్తూ నడవడం మొదలెట్టాడు. పెదాలు కదులుతున్నాయి. నూట ఇరవై ఎనిమిది దగ్గర ఆగి కిందకి చూశాడు.

రంగు మార్క్ ఇంకా వెనకే ఉంది. పన్నెండున్నర అంగుళాలు వెనక.

గడ్డిలో చతికిలబడ్డాడు సదాశివరావు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో మంచు కొండల్లో కూడా అలా కూలబడలేదు ఆ మనిషి.

"జానెడున్నర ముందుకి నిలబెట్టాను దాన్ని. నిలబెట్టి, కదలొద్దని అరిచాను."

"మీరేం కావాలని చేశారా?"

"పిల్ల జరుపుకోబోయింది సుభద్రా. దానికి తెలిసింది. నేను ఆపాను."

సుభద్ర పక్కన కూర్చుంది. ఆయన కొత్త బూటు మీద అంటిన సుద్ద కొంగుతో తుడిచింది.

"రేపు పొద్దున్నే వెళ్ళి చెప్పండి దానికి," అంది చివరికి.

"గేటు ఛాయలక్కూడా రానన్నాను."

"అన్నారు లెండి. మీరన్న మాటకీ దాని కాలికీ ఏది ముఖ్యమో మీరే తేల్చుకోండి. నేను మాత్రం వెళ్తున్నా."

ఆదివారం పొద్దున్న ఆమె చీర మార్చుకుని బయటికొచ్చేసరికి, షేవింగ్ చేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గేటు దగ్గర నిలబడున్నాడు. కాళ్ళకి హవాయి చెప్పులున్నాయి.

స్టేడియంలో తాడు దాటకముందే దశరథ్ ఎదురొచ్చాడు. మంచి కోచే, నోరే కాస్త కరుకు.

"సుబేదార్ సాబ్, మైనే కహా థా నా..."

"రన్‌వే మీదికి రాను సాబ్. నా కూతురితో ఒక్క మాట చెప్పాలి. మీ ముందే చెప్తాను."

వైశాలి లేసులు కట్టుకుంటూ తలెత్తింది. కళ్ళు వాచి ఉన్నాయి. రాత్రి నిద్రపోయిన మొహం కాదది.

సదాశివరావు కాగితం విప్పి ఆమె చేతికిచ్చాడు.

"నీ కాలికి ఏం కాలేదు తల్లీ. తప్పు నాది. బూటు మారింది, కొలత మారిందని నాకు తట్టలేదు. నువ్వు మార్క్ జరపబోతే నేను ఆపాను. నిన్న నిన్ను అన్న మాటలన్నీ కూడా తప్పే."

ఆ మాటలు హిందీలో మళ్ళీ దశరథ్‌కి చెప్పాడు. ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాడు. మొగుడు ఒకరి ముందు తల వంచడం సుభద్ర అంతకుముందు చూడలేదు. అయినా, చిత్రమేమిటంటే, ఆయన భుజం మీద నక్షత్రాలు చూసినప్పటికన్నా ఆ క్షణంలోనే ఆమెకి ఎక్కువ గర్వంగా అనిపించింది.

వైశాలి కాగితం చూస్తూ ఉండిపోయింది. పాత బూటు గీతని వేలితో నిమిరింది.

"రెండ్రోజులు నాన్నా," అంది. "రెండ్రోజులు నా కాలిని నేనే తిట్టుకున్నాను."

"నన్ను తిట్టు."

"తిడతాను. తర్వాత." కళ్ళు తుడుచుకుంది. "ఈ ముప్ఫై ఆరు అరవై ఒకటి ఎవరు కొలిచారు?"

"మీ అమ్మ. ఇంచి టేపుతో."

"ఇంచి టేపుతోనా! గ్రౌండంతానా?" ఏడుపులోనే నవ్వొచ్చింది పిల్లకి. దశరథ్ కూడా మొహం పక్కకి తిప్పుకున్నాడు. నవ్వు దాచుకోడానికే అయుంటుంది.

ఉక్కు టేపు తీసుకుని తనే కొలుచుకుని, తనే మార్క్ పెట్టుకుంది వైశాలి. తల్లిదండ్రులిద్దరూ తాడు అవతల ఎండలో నిలబడ్డారు.

మొదటి దూకు భయం భయంగా పడింది. తెల్లజెండా లేచింది గానీ దూరం పన్నెండు మీటర్ల తొంభై నాలుగు. రెండోది బాగా వచ్చింది, పదమూడు ముప్ఫై ఒకటి. కాలు చెక్క మీద పడిన చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. సదాశివరావు చేతులు వెనక్కి కట్టుకుని కొయ్యలా నిలబడున్నాడు.

మిగిలింది ఒక్కటే.

వైశాలి మార్క్ దగ్గరికి నడిచింది. పరుగుకి సిద్ధమైంది, మళ్ళీ ఆగింది. వంగి మార్క్ ఊడదీసి, నాలుగు వేళ్ళ మేర వెనక్కి జరిపింది.

"అదేంటి! మార్..."

సుభద్ర ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆయన నోరు తెరుచుకునే ఉంది. మాట మాత్రం బయటికి రాలేదు.

అప్పుడు చూశాడు, స్టేడియం కప్పు మీది జెండా. ఇందాకటిదాకా వాలి ఉన్న జెండా ఇప్పుడు ఇసుక గుంట వైపు రెపరెపలాడుతోంది. గాలి వెనక నుంచి వీస్తోంది. గాలి నెడితే అంగ సాగుతుంది, అందుకే జరిపింది. తండ్రి చూడని గాలిని కూతురు చూసింది.

"దానికి తెలుసు సుభద్రా," అన్నాడు గుసగుసగా. "దానికి తెలుసు."

వైశాలి పరుగందుకుంది. కాలు చెక్క మీద టప్పున పడింది. గంతు. అంగ. ఆ అంగలో ఒక్క క్షణం గాల్లోనే నడుస్తున్నట్టు ఆగిందనిపించింది తల్లికి. దూకు. ఇసుక ఎగిరింది.

చెక్క దగ్గర కూర్చున్నాయన వంగి చాలాసేపు చూశాడు. సుభద్ర దేవుళ్ళ పేర్లు ఒకదాని మీద ఒకటి తలుచుకుంది. ఆయన లేచి తెల్లజెండా ఎత్తాడు. గుంట దగ్గర టేపు లాగారు. మైకు గరగరమంది.

"వైశాలి... తేరహ్ మీటర్ ఛప్పన్!"

ఇరవై రెండేళ్ళుగా ఈ ఉత్తరాదిలో కాపురం చేస్తున్నా, ఇరవై దాటితే హిందీ అంకెలు సుభద్రకి కొరుకుడు పడవు. కూరగాయల బండి దగ్గర ఎలాగో నెట్టుకొస్తుంది గానీ ఇప్పుడెలా?

"ఛప్పన్ అంటే ఎంతండీ? యాభైకి పైనా, కిందా? చెప్పండీ!"

ఆయన చెప్పలేకపోయాడు. కళ్ళలోంచి నీళ్ళు ఇస్త్రీ చొక్కా మీదికి కారుతున్నాయి. కుడిచెయ్యి అయిదు వేళ్ళూ చాపి చూపించాడు. తర్వాత ఆరు వేళ్ళు చూపించాడు. సుభద్ర చుట్టూ ఉన్నవాళ్ళు ఉలిక్కిపడేలా ఈల వేసింది. చిన్నప్పుడెప్పుడో నేర్చిన ఈల అది, పెళ్ళయ్యాక మళ్ళీ వెయ్యలేదు.

ఒంటి నిండా ఇసుకతో తాడు దగ్గరికొచ్చి నిలబడింది వైశాలి. ఆ ఇంట్లో తండ్రి నోట మెప్పంటే 'పర్లేదు' అన్న ఒక్క ముక్కే. స్టేట్ రికార్డుకీ అదే, కొలంబో పతకానికీ అదే.

"ఏం నాన్నా, పర్లేదా?"

సదాశివరావు అడ్డంగా తలూపాడు. "బావుంది. చాలా బావుందమ్మా. నా జన్మలో నేనిలా దూకలేదు."

వైశాలి తాడు మీంచి వంగి తండ్రిని కౌగిలించుకుంది. ఇస్త్రీ చొక్కా నిండా ఇసుకయింది.

అంతలో దశరథ్ అట్టకి క్లిప్పు పెట్టిన ఫారం ఒకటి పట్టుకుని వచ్చాడు. రేపు సాయంత్రం రైలుకే క్యాంపుకి బయల్దేరాలి. నాలుగు నెలలు అక్కడే, ఆ తర్వాత విమానం. సంతకం ఇప్పుడే కావాలి.

వైశాలి గబగబా నింపింది. పేరు, పుట్టిన తేదీ, చిరునామా. చిరునామా దగ్గర మయూర్ విహార్ అని రాసింది. తర్వాత కలం ఆగింది.

"ఇక్కడ కోచ్ పేరు రాయాలి నాన్నా. ఒక్క పేరే రాయాలట. ఎవరి పేరుంటే క్యాంపులో నా విషయంలో వాళ్ళ మాటే చెల్లుతుంది."

దశరథ్ అటువైపు తిరిగి తన విజిల్ తాడు సరిచేసుకుంటున్నాడు.

"ఇన్నేళ్ళూ అక్కడ నీ పేరే రాశాను," అంది వైశాలి. కలం, అట్ట రెండూ తండ్రి చేతుల్లో పెట్టింది. "ఇవాళ నువ్వే రాయి. ఏ పేరు రాసినా కింద నేను సంతకం పెడతాను."

సదాశివరావు అట్ట అందుకున్నాడు. కూతురి మొహం చూశాడు, దశరథ్ వీపు చూశాడు. చివరికి సుభద్ర వైపు చూశాడు. ఇది ఆమె కొలిచి చెప్పగలిగేది కాదు.

హవాయి చెప్పులు పక్కన విడిచి, వట్టికాళ్ళతో గడ్డిలో కూర్చున్నాడాయన. అట్టని మోకాలి మీద ఆనించుకుని, నెమ్మదిగా, కొట్టివేతలు రాకుండా, 'ద' అన్న మొదటి అక్షరం రాయడం మొదలెట్టాడు.